లెక్క తగ్గింది, ఇంకో గిన్నె పెట్టండి

సంక్రాంతి మూడు రోజులూ దాటేసరికి తెలుగు టీవీ చానళ్లలో రెండు వార్తలు వచ్చి తీరాలి. ఒకటి, హైదరాబాదు తిరుగు ప్రయాణంలో టోల్‌ప్లాజాల దగ్గర బారులు తీరిన కార్లు. రెండోది, గోదావరి వైపు ఎక్కడో ఒక ఇంటి హాల్లో మూడు పక్కలా వేసిన బల్లల మీద వందలాది గిన్నెలు, వాటి నడుమ పట్టుపంచె కట్టి, చెంచా గాల్లో ఆపి, కెమెరా వంక చూస్తున్న ఒక కుర్రాడు. మొదటి వార్తలో కార్లు కదలవు, రెండో వార్తలో చెంచా కదలదు.

ఆ కుర్రాడు కొత్త అల్లుడు. పక్కన నగల బరువుకి కాస్త వంగి కూర్చున్న అమ్మాయి ఆ ఇంటి కూతురు. ఆవిడ పేరు వార్త చివర్లో వస్తుంది, వస్తే. వెనక నిలబడి గిన్నెల వైపు చెయ్యి చాపి చూపిస్తున్నాయన మామగారు. విలేకరి ఆయన ముందు గొట్టం పెడతాడు. "ఆయ్, మా గోదారోళ్ల మర్యాదండి. అనాదిగా వస్తున్న ఆచారమండి. దాన్ని మేం కాపాడుకొస్తున్నామండి" అంటారాయన. స్టూడియోలో యాంకరమ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని మురిసిపోతుంది. వెటకారానికి పుట్టిల్లని పేరు మోసిన గోదావరి జిల్లాల్లో ఆ మాట విని ఒక్కరూ కిసుక్కుమనరు. ఆ బాధ్యత ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి కదా.

ముందు అనాది వయసెంతో చూద్దాం. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించింది. "కాబోయే" అన్న ముక్క దాటేయకండి. మూడు ముళ్లు పడకముందే మూడువందల అరవై అయిదు పడ్డాయి. ఏడాదికెన్ని రోజులో అన్ని రకాలు, రోజుకొకటి చొప్పున మా ప్రేమ అని వివరణ. జాతీయ పత్రికలు కూడా అచ్చేసి తరించాయి. మరుసటి ఏడు భీమవరంలో 173 రకాలు. 365 తర్వాత 173 అంటే షేర్ల బజారులో పతనమే, అయినా వార్తయింది. ఆ పైన ఏలూరు, యానాం రంగంలోకి దిగి లెక్కని మళ్లీ పైకెత్తాయి. నాలుగొందలు దాటిన వడ్డనలు కూడా చూశాం. మధ్యలో 2024 లీపు సంవత్సరం వచ్చింది. ఆ ఏడు ఏ మామగారైనా పాత లెక్కనే నమ్ముకుని 365 దగ్గర ఆపేసి ఉంటే, ఫిబ్రవరి 29న ఆ అల్లుడు ఏం తిని బతికాడో కనుక్కోవడానికి మాత్రం ఏ విలేకరీ వెళ్లలేదు.

నరసాపురానికి ముందూ వంద రకాలు, నూటపాతిక రకాలు అన్న వార్తలు ఉన్నాయంటారు. ఉండొచ్చు. ప్రతి జేబులోకీ కెమెరా, ప్రతి కెమెరాకీ చవక డేటా వచ్చాక పుట్టినవే అవి. జియో వచ్చింది 2016 సెప్టెంబరులో. అనాదికి తేదీ కావాలంటే ఆ చుట్టుపక్కలే వెతకమని నా సలహా.

అంతకంటే వెనక్కి వెళితే అనాదివాదులకి చిక్కే. అన్నపూర్ణ అని మనం చెప్పుకునే ఈ డెల్టాకి నీళ్లు మళ్లించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి ముందూ గోదావరి ఉంది, దాని ఒడ్డునే కరువూ ఉంది. 1833 నాటి కరువు కోస్తాలో ఊళ్లకి ఊళ్లనే తుడిచిపెట్టింది. ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహాలకి ఇవాళ్టికీ దండలు పడుతున్నాయంటే ఆ ఆకలి జ్ఞాపకమే కారణం. ఆ కరువులో బతికి బట్టకట్టినవాళ్లు అల్లుడొస్తే ఏం పెట్టారో తెలుసుకోవడానికి శాసనాలు తవ్వక్కర్లేదు, సామెత చాలు. అల్లుడికి నెయ్యి లేదు, అల్లుడితో వచ్చినవాళ్లకి నూనె లేదు. అనాది నుంచి మనకి దక్కిన అసలు మెనూ కార్డు ఇదీ. అందులో ఉన్నవి రెండే ఐటాలు, ఆ రెండూ లేవు.

ఆనకట్ట వచ్చింది, కాలవలు వచ్చాయి, దాళ్వా పంట వచ్చింది, చేతిలో నాలుగు డబ్బులాడాయి. అప్పుడైనా పండక్కి ఏం చేశారు? అరిసెలు, జంతికలు, సున్నుండలు, పాకుండలు, గోరుమిటీలు, కజ్జికాయలు. పెద్ద పండగ నాడు బూరెలు, పులిహోర. కనుమ నాడు మినుము తినాలన్నారు కాబట్టి గారెలు, తినే అలవాటున్న ఇళ్లలో కోడికూర. రెండు చేతుల వేళ్లు సరిపోతాయి లెక్కకి. సరిపోనివి గిన్నెలు, ఎందుకంటే చేసినవి బానల్లో పోసేవారు.

అరిసె ఒక్కదాని సంగతే తీసుకోండి. కొత్త బియ్యం ముందురోజే నానబోయాలి. పొద్దున్నే వడేసి, తడి ఆరకముందే దంచాలి, జల్లించాలి. బెల్లం పాకం పట్టాలి. నీళ్లలో చుక్క వేస్తే ఉండకట్టాలి. ఉండకట్టకముందే దించారా, అరిసె మూకుట్లో విడిపోతుంది. ముదిరాక దించారా, తాతగారి పళ్లకి ముప్పు. దించిన పాకంలో ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలియబెట్టాలి, ఒంటి మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు రెండు చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి. అందుకే ఇవాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో అని వీధిలో ఆడవాళ్లు వంతులు వేసుకునేవారు. అయిన అరిసెలు పాలేళ్లకి వెళ్లేవి, పనివాళ్లకి వెళ్లేవి, ఇరుగుపొరుగుకి వెళ్లేవి, ఆ ఏడు చావు జరిగి పండగ లేని ఇంటికి ఎవరూ చెప్పకుండానే వెళ్లేవి. చుట్టాల సంచుల అడుగున కాగితం చుట్టుకుని హైదరాబాదు, బొంబాయి వెళ్లేవి. రకాలు తక్కువ, తినే నోళ్లు ఎక్కువ. ఇప్పుడు రకాలు ఎక్కువ, నోరు ఒకటి.

ఇచ్చే ఆచారాలకి ఈ పండగలో లోటేం లేదు. తెల్లారకుండానే హరిదాసు నెత్తి మీద అక్షయపాత్రతో వస్తాడు. ఇంట్లో చంటిపిల్ల దోసిట్లో బియ్యం తెస్తే, ఆ పిల్లకి అందేలా మోకాలి మీద కూర్చుని పోయించుకుని లేచిపోతాడు. ఎన్ని గింజలు పడ్డాయో ఆయనా లెక్కపెట్టడు, ఆ పిల్లా లెక్కపెట్టదు. గంగిరెద్దు మీదకి పాత చీర వెళుతుంది. భోగిపళ్లు పోస్తే కింద పడ్డ చిల్లర ఏరుకునే హక్కు పక్కింటి పిల్లలది. ఇవన్నీ కూడా ఆచారాలే, ఇవి నిజంగానే పాతవి. పుచ్చుకునేవాడు పేదవాడో పసివాడో కావడంతో టీవీకి పనికిరాలేదు.

అలాగని పాతకాలంలో అల్లుడికి మర్యాద లేదనుకోకండి. దశమగ్రహం అన్న బిరుదు ఊరికే రాలేదు. ఆ గ్రహానికి శాంతి కూడా ఇంట్లోనే ఉండేది. దాని పేరు మరదళ్లు. బూరెలో పూర్ణం తీసేసి కారం కూరేవారు. కాఫీలో ఉప్పు కలిపేవారు. చెప్పులు దాచేవారు. అల్లుడు ఉడుక్కునేవాడు, ఇల్లంతా ఘొల్లున నవ్వేది. ఆ నవ్వులో అతగాడి పెళ్లికొడుకు బిగువు కాస్త దిగి, ఆ ఇంటివాడయ్యేవాడు. ఇప్పుడు 365 గిన్నెల్లో ఒక్కదాంట్లో కారం ఎక్కువైనా లైవ్ పాడైపోతుంది. మరదలు పిల్లని బల్ల దగ్గరికి రానివ్వరు. వస్తే గిన్నె కదులుతుంది, గిన్నె కదిలితే వరస తప్పుతుంది, వరస తప్పితే డ్రోన్ షాట్ మళ్లీ తీయాలి.

అలక అని ఇంకో ముచ్చట కూడా ఉండేది. అల్లుడు విస్తరి ముందు మొహం పక్కకి తిప్పి కూర్చునేవాడు. ఒక తరంలో చేతిగడియారం కోసం, తర్వాతి తరంలో సైకిల్ కోసం, ఆపైన స్కూటర్ కోసం, ఇప్పుడు కారు కోసం. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అలకపాన్పు మీద పడుకున్నవాడికి ఎవరూ చదివి వినిపించలేదు. ఈ 365 రకాల బల్ల ఆ అలక పోకడే. కాకపోతే అప్పుడు అల్లుడు నోరు తెరిచి అడిగేదాకా మామ ఆగేవాడు. ఇప్పుడు అల్లుడు తినడానికి కూడా నోరు తెరవకముందే మామ అప్పుల్లోకి దిగుతున్నాడు.

ఇక లెక్క దగ్గరికి వద్దాం, అసలు సంబరమంతా అక్కడే. నరసాపురం వడ్డనలో కూరలు ముప్పై రకాలని పత్రికలు రాశాయి. తక్కినవి అన్నం, పులిహోర, బిర్యానీ, పిండివంటలు, పళ్లు, బిస్కెట్లు, కేకులు, వేడి పానీయాలు, చల్ల పానీయాలు. బిస్కెట్ పొట్లం విప్పి పళ్లెంలో పెట్టడం వంట కిందికి వస్తుందని దాంతో తేలిపోయింది. ఇక ఆకాశమే హద్దు. నాలుగు కంపెనీల కూల్‌డ్రింకులు నాలుగు రకాలు. అరటిపండు ఒకటి, చక్కెరకేళి ఇంకొకటి. ఐస్‌క్రీము ఎన్ని రంగులైతే అన్ని వంటకాలు. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, దబ్బకాయ పులిహోర, ఆవ పెట్టిన పులిహోర. ఒకే అన్నానికి నాలుగు అవతారాలు. ఊరగాయ జాడీల వరస మొదలైతే ముప్పై దాకా ఆగదు. చివర్లో రెండు తగ్గితే కిళ్లీ ఉంది, సోంపు ఉంది. మంచినీళ్లని రెండుగా చూపించిన బల్ల కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, ఒకటి మామూలువి, ఒకటి ఫ్రిజ్‌వి.

పిండివంటలు కూడా ఆ ఇంట్లో పుట్టాయనుకోవడం మన అమాయకత్వం. పూతరేకులు ఆత్రేయపురం నుంచి దిగుతాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ మర్యాద మర్నాటికే మర్చిపోయి వాటిని పంచదారవి, బెల్లంవి, జీడిపప్పువి, చాక్లెట్‌వి అని నాలుగు గిన్నెల్లో నాలుగుగా నిలబెడతారు. తాపేశ్వరం నుంచి మడత కాజా, కాకినాడ నుంచి గొట్టం కాజా. కృష్ణా జిల్లా దాటి వచ్చిన బందరు లడ్డూ, అనకాపల్లి అవతలి నుంచి వచ్చిన మాడుగుల హల్వా కూడా గోదావరి మర్యాదలో కలిసిపోతాయి. కొరియర్ కుర్రాడు తిరిగిన ఊళ్ల లెక్క చూస్తే ఈ విందులో నిజంగా కష్టపడినవాడు అతనే, అతన్ని మాత్రం ఎవరూ భోంచేసి వెళ్లమనరు.

సరే, బల్ల నిండింది. తినడం సంగతేమిటి? మనిషి పొట్ట నిండితే పట్టేది ఇంచుమించు లీటరు నుంచి లీటరున్నర. రకానికి పది గ్రాములు, అంటే రెండు చిన్న చెంచాలు రుచి చూసినా, 365 రకాలకి మూడు కిలోల ఆరువందల యాభై గ్రాములు. రకానికి అరనిమిషం చొప్పున మూడు గంటల పైమాట. అయిదో గిన్నె దగ్గర మొదలైన మిరపకాయ బజ్జీ మూడువందలో గిన్నె దగ్గర మైసూర్‌పాకుని కలుసుకునే లోపల ఆ కడుపులో ఏం జరుగుతుందో చెప్పడానికి వైద్యులు కావాలి. అందుకే ఎవరూ తినరు. మామగారికి తెలుసు తినరని, అల్లుడికి తెలుసు తినలేనని, విలేకరికి తెలుసు తినక్కర్లేదని. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడి గురించి మనవాళ్లు సామెత కట్టి వదిలారు. తినిపించేవాడే నిలబడి వాసాలూ దూలాలూ లెక్కపెట్టి టీవీలో చదివే రోజొకటి వస్తుందని పాపం వాళ్లు ఊహించలేదు.

డబ్బున్నవాళ్ల సరదా, మీకెక్కడ నొప్పి అని అడిగేవాళ్లున్నారు. నొప్పి ఆ ఇంట్లో లేదు. ఆ వీడియో చూసిన ఇళ్లలో ఉంది.

భోగిమంట చల్లారకముందే వియ్యపురాలి నుంచి ఆ వీడియో వాట్సాప్‌లో వచ్చి పడుతుంది. కింద మాటేం ఉండదు, ఒక నవ్వు బొమ్మ. అరగంట ఆగి ఫోను. "వదినగారూ, చూశారా, ఎంత ముచ్చటగా చేశారో! అబ్బెబ్బే, మేమేం అడగట్లేదండీ, మాకలాంటి పట్టింపులేం లేవు. ఊరికే చూస్తారని పంపానంతే. మావాడికైతే ఇంత పెరుగన్నం, ఓ ఆవకాయ బద్ద ఉంటే చాలండీ." పెరుగన్నం చాలన్న వియ్యపురాలి కొడుక్కి నిజంగా పెరుగన్నమే పెట్టి చూడండి. వచ్చే ఏడు మీ అమ్మాయి పండక్కి వస్తుందో రాదో, వచ్చినా ఏ మొహంతో వస్తుందో అప్పుడు తెలుస్తుంది.

ఆ రాత్రి ఆ ఇంట్లో కాగితం, పెన్ను బయటికి వస్తాయి. "యాభై చేద్దామే, బాగానే ఉంటుంది." "ఏవండీ, తణుకులో మా పిన్ని వాళ్లు వంద చేశారు. మనం యాభై అంటే అమ్మాయి తలెత్తుకోగలదా?" "పోనీ నూటపదహారు. శుభసంఖ్య కూడానూ." ఆయన బడిపంతులో, బట్టల కొట్లో గుమాస్తానో అయి ఉంటాడు. నూటపదహారు రకాల పేర్లు కాగితం మీద ఎక్కించడానికే అర్ధరాత్రి దాటుతుంది. ఎనభై దగ్గర పేర్లు అయిపోతాయి. ఇద్దరూ కూర్చుని చిన్నప్పుడు తిన్నవన్నీ గుర్తు తెచ్చుకుంటారు. తొంభై అవుతాయి. మిగిలినవి కేటరింగ్ ఆయన తన ఫోన్లోంచి చదివి చెబుతాడు, మంచూరియా, నూడిల్స్, బేబీకార్న్. కాగితం అడుగున కేటరింగ్ వాళ్ల మొత్తం, దాని కింద తాకట్టుకి వెళ్లాల్సిన గొలుసు తూకం. ఆచారాలు పుట్టేది ఇలాగే. మొదటివాడు గొప్పకి చేస్తాడు, రెండోవాడు పోటీకి చేస్తాడు, మూడోవాడు భయానికి చేస్తాడు. నాలుగోవాడి వంతు వచ్చేసరికి అది అనాది.

సంక్రాంతి ఒక్కదానితో ఆగిందా? ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదన్నారు. ఆ గడప దాటి ఎన్ని లారీలైనా వెళ్లొచ్చు కాబోలు. 2021 ఆషాఢానికి రాజమహేంద్రవరం నుంచి యానాంలో వియ్యాలవారింటికి వెళ్లిన సారెలో టన్ను చేపలు, టన్ను కూరగాయలు, పది మేకలు, యాభై కోళ్లు ఉన్నాయని లోకమంతా చదివింది. ఆ మేకలు వియ్యాలవారి హాల్లో నిలబడి ఏమనుకున్నాయో గాని, ఆ మర్నాడు ఎన్నో ఇళ్లలో ఆడపిల్ల తండ్రులు రెండు కిలోల మిఠాయి డబ్బా వంక చూసుకుని సిగ్గుపడి ఉంటారు. ఆ సిగ్గు ఎందుకు పడాలో నాకైతే అర్థం కాదు.

తెలంగాణలో సంక్రాంతికి సకినాలు, పతంగులు, ఆడవాళ్ల నోములు. అక్కడ ఆడబిడ్డకీ అల్లుడికీ పెద్ద పిలుపు దసరాకి. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ పరిచి, పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ చుట్లు చుట్లుగా సకినం చుట్టే విద్యని ఎవరూ కెమెరా ముందు లెక్కపెట్టలేదు. ఈ మధ్య హైదరాబాదు కాలనీల్లో కూడా అల్లుళ్లకి వంద దాటిన వడ్డనలు మొదలయ్యాయి. 2014లో ఆస్తులూ అప్పులూ పంచుకున్నప్పుడు ఈ జబ్బు ఎవరి వాటాకి వస్తుందో రాసుకోలేదు కాబట్టి ఇద్దరిదీ.

వాళ్ల వైపు వాదనలు లేకపోలేదు. తెలుగు వంటలని బతికిస్తున్నాం అంటారు. ఆ బల్ల మీద చూడండి, పాలతాలికలు ఉన్నాయా? చిమ్మిలి ఉందా? సజ్జబూరెలు? చాక్లెట్ లావా కేకు మాత్రం ఉంటుంది. నలుగురికి ఉపాధి అంటారు. ఉపాధే ఉద్దేశమైతే ఆ నలుగుర్నీ బల్ల ముందు కూర్చోబెట్టి వడ్డించవచ్చు, ఎవరూ వద్దనరు. మిగిలింది అనాథాశ్రమానికి పంపాం అంటారు. నాలుగు గంటలు లైట్ల వేడిలో మగ్గి, ఫోటోలకి నిలబడి నీరసించిన సాంబారుని పిల్లలకి పంపడం కూడా దానం కిందే రాసుకునే మనస్సు గొప్పదే. అన్నీ అయ్యాక చివరికి మిగిలేది "మా సంప్రదాయం". ఆ గొడుగు కిందకి ఎవరైనా దూరొచ్చు. భీమవరం కోడిపందేలు ఎప్పుడో దూరాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి జూద చట్టం ఏటా జనవరిలో మూడు రోజులు బయట వానలో నిలబడి తడుస్తుంటాయి.

నన్ను అన్నిటికంటే కదిపేది మాత్రం ఆ ఫోటోలో పక్కకి కూర్చున్న అమ్మాయి. అల్లుణ్ణి పండక్కి పిలవడం ఎవరి కోసం మొదలై ఉంటుంది? ఆ పిల్ల కోసమే అని నా నమ్మకం. పెళ్లయి వెళ్లిన పిల్లని ఒంటరిగా పంపని రోజుల్లో, ఆయన్ని మర్యాదగా పిలిస్తేనే ఆమె వచ్చేది. అసలు చుట్టం ఆమె, ఆయన తోడు వచ్చినవాడు. వచ్చి ఆమె ఏం కోరుకుంటుంది? పొద్దెక్కేదాకా నిద్రపోవాలని. వాకిట్లో పాత స్నేహితురాళ్లతో ముగ్గెయ్యాలని. అమ్మ చేత్తో కలిపిన ముద్ద తినాలని. ఇప్పుడు ఆవిడ తెల్లవారుజామున లేచి మేకప్ వేయించుకుని, మూడు గంటలు కదలకుండా కూర్చుని, ఆకలేసినా గిన్నె ముట్టకుండా, "ఆయన నోట్లో పెట్టమ్మా, ఇటు చూడమ్మా, ఇంకోసారి" అన్న మాట వింటూ పుట్టింటి పండగ గడుపుతుంది.

ఆ ఇంట్లో ఇంకో అమ్మాయి కూడా ఉంటుంది, ఏ ఫ్రేములోనూ పడదు. ఆ ఇంటి కోడలు. ఆమెకీ పుట్టిల్లుంది, అక్కడా సంక్రాంతే. ఆమె వెళ్లలేదు, ఎందుకంటే ఇక్కడ మూడువందల అరవై అయిదు గిన్నెలకి చీటీలు అంటించాలి, ఈగలు వాలకుండా చూడాలి, తర్వాత కడగాలి. కడిగే శ్రమ తప్పించడానికి ప్లాస్టిక్ కప్పులు తెచ్చినవాళ్లున్నారు. 2022 జులై 1 నుంచి అలాంటివి నిషేధమని వాళ్లకి ఎవరు చెబుతారు, పంచాయతీ వాళ్లు కూడా భోజనాలకి వచ్చి కూర్చుంటే? కొత్త కోడలు మొదటిసారి పండక్కి అడుగుపెడితే అత్తగారు 365 రకాలు వండి పెట్టిందన్న వార్త నేనింతవరకు చూడలేదు. మర్యాద గోదావరిలా ఒకవైపే పారుతుంది కాబోలు.

ఈ పోటీ మాన్పించడం నా వల్లా కాదు, మీ వల్లా కాదు. పోటీ అన్నాక నియమాలుండాలి కాబట్టి ఒక్క నియమం చేర్చమని మాత్రం మనవి. మామగారు, అల్లుడుగారు, ఇద్దరే వంటింట్లోకి వెళ్లాలి. ఆడవాళ్లు అరుగు మీద కూర్చోవాలి. కేటరింగ్ ఫోన్ నంబరు, కొరియర్ డబ్బా, బిస్కెట్ పొట్లం లోపలికి పోనివ్వకూడదు. ఆ ఇద్దరి చేతుల మీదుగా పొయ్యెక్కి దిగినవే లెక్కలోకి వస్తాయి. విలేకరి గొట్టం పట్టుకుని గుమ్మం దగ్గర కాచుకోవచ్చు. సాయంత్రానికి కాఫీ ఒకటి లెక్క తేలుతుంది, అదీ పాలు పొంగి పొయ్యి మీద పోకపోతే.